ఉక్కు రాలే సరే, మాటు తెలిసిన చేతులున్నాయి గదా!

జమ్మలమడుగు కాడ ఉక్కు ఫ్యాక్టరీకి ఎన్ని పునాదిరాళ్లు పడినాయో ఏళ్లు మడిచి లెక్కబెట్టండి. 2007లో బ్రహ్మణి, 2018లో కంబాలదిన్నె, 2019లో సున్నపురాళ్లపల్లె, 2023లో మళ్లీ సున్నపురాళ్లపల్లె. ప్రభుత్వాలు మారినాయి. మన పిల్లోళ్లు మాత్రం బెంగుళూరు బస్సు ఎక్కుతానే ఉండారు.

ఫ్యాక్టరీ వద్దని కాదు. లోహమంటే టన్నుల లెక్కే అనుకోవడం కాడ తప్పుండాది. విమానాలు, రాకెట్లలో గ్రాముల పనికే విలువెక్కువ. సిరామిక్ ముక్కను లోహానికి అతికించడం అట్లాంటి పనే.

ఎందుకంత కష్టం? 800 డిగ్రీల వేడి ఎక్కితే మీటరు స్టెయిన్‌లెస్ స్టీలు 14 మిల్లీమీటర్ల దాకా సాగుతాది. అల్యూమినా సిరామిక్ సాగేది 6 మిల్లీమీటర్ల పైచిలుకే. చల్లారేటప్పుడు లోహం ఎక్కువ గుంజుకుంటాది, సిరామిక్ పగుల్తాది. పైగా మామూలు మాటు సిరామిక్‌ను పట్టుకోదు, తామరాకు మీద నీళ్ల మాదిరి జారిపోతాది. అందుకే వెండి, రాగి కలిపిన మాటులో రవ్వంత టైటానియం వేస్తారు. గాలి తగిలితే టైటానియం చెడిపోతాది గాబట్టి గాలి తీసేసిన కొలిమిలో చేయాల. నడుమ మెత్తని రాగి రేకు పెడితే ఆ గుంజుడును అది ఓర్చుకుంటాది.

అతుకు చెడితే ఏమైతాదో అమెరికా చూసింది. 1979లో కొలంబియా షటిల్‌ను విమానం మీద పెట్టుకోని ఫ్లోరిడాకు తీసకపోతాంటే దారిలోనే వేడిని ఆపే పలకలు రాలిపోయినాయి. అది 1981 దాకా ఎగరలేకపోవడానికి ఆ పలకలు ఒక పెద్ద కారణం.

వెండి, రాగి, మాటు. ఈ మాటలు ప్రొద్దుటూరు బంగారంగళ్ల కాడ ఎవురినడిగినా చెప్తారు. నగ కరక్కుండా మాటు మాత్రమే కరిగేట్ల మంట పట్టడం మన ఆచారులకు తాతల కాలం విద్య. వెలిగారం చల్లి కుంపటి కాడ చేసే పనీ, గాలి లేని కొలిమిలో చేసే పనీ ఒకటి కాదు, నిజమే. సూత్రం మాత్రం ఒకటే. మిషన్ నగలొచ్చి ఆ చేతులకు పని తగ్గిపాయ.

అదే ప్రొద్దుటూరులో యోగి వేమన యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ, పులివెందుల దగ్గర ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ మెటలర్జీ చెప్తాండాయి. హైదరాబాదులో మిధాని, ఏఆర్‌సీఐ ఉండాయి. ఈ కాలేజీల్లో ఒక వాక్యూమ్ కొలిమి, అతుకు బలం చూసే ఒక ల్యాబు పెట్టి, ఆచారులకు జీతమిచ్చి పిల్లోళ్ల పక్కన కూచోబెట్టండి. హైదరాబాదు సంస్థల నుంచి చిన్న పనులైనా తెప్పించండి. దీనికి వేల ఎకరాలు అక్కర్లే, ఇంగో పునాదిరాయీ అక్కర్లే.