ఆమె ఆధార్ మీ దగ్గరుంది, మీ పేరు ఏ కాగితంలో ఉంది?
(ఇంటిపని – కులం – చట్టం: 6వ భాగం)



హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీలో అంట్లు తోమే పనికి చేరాలన్నా ఆధార్ జిరాక్స్ ఇవ్వాలి. పోలీస్ వెరిఫికేషన్ అంటారు. గేటు దగ్గర యాప్‌లో ఫోటో దిగాలి. ఎన్నింటికి లోపలికొచ్చింది, ఎన్నింటికి బయటికెళ్లింది, నిమిషాలతో సహా యజమానురాలి ఫోన్‌కి మెసేజ్ వెళ్తుంది. పోయేటప్పుడు సంచి చూపించాలి.

మరి ఆమెకు పని ఇచ్చిన యజమానిగా మీ పేరు ఏ ప్రభుత్వ దస్త్రంలో ఉంది?

ఎక్కడా లేదు. ఈ దేశంలో ఇంటి పనివాళ్ల బతుకంతా ఆ ఖాళీలోనే జారిపోతోంది.

పీఎఫ్ వర్తించాలంటే సంస్థలో 20 మంది ఉండాలి. ఈఎస్ఐకి 10 మంది. ఇల్లు సంస్థ కాదు. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు పెద్ద ఏజెన్సీ నుంచి వస్తే చట్టప్రకారం అతనికి పీఎఫ్ కట్టాలి. అదే బిల్డింగులో అయిదో అంతస్తులో బాత్రూములు కడిగే మనిషికి అక్కర్లేదు.

ఈ-శ్రమ్ కార్డు ఉంది కదా అంటారు. అందులో నమోదయ్యేది కార్మికురాలు. ఆ నమోదుతో యజమాని మీద ఒక్క రూపాయి బాధ్యత కూడా పడదు. 2019లో తెచ్చిన శ్రమయోగి మాన్‌ధన్ పెన్షన్ చూడండి. 29 ఏళ్ల మనిషి చేరితే నెలకు 100 రూపాయలు ఆమె కట్టాలి, 100 కేంద్రం కడుతుంది. 60 దాటాక నెలకు 3,000 వస్తుంది. 40 దాటితే చేరనివ్వరు. ఇందులో ఇంటివాళ్ల వాటా ఎంత? సున్నా. అంట్లు తోమినదీ ఆమే, ముసలితనానికి దాచుకోవాల్సినదీ ఆమే.

"ఇల్లు కంపెనీ కాదు కదా, ఇంట్లో పనికి కూడా లెక్కలు రాస్తారా?" అని అడిగే పెద్దమనుషులు న్యూజెర్సీలో ఉన్న తమ అబ్బాయికి ఫోన్ చేసి కనుక్కోవాలి. అక్కడ పిల్లల్ని చూసుకునే మనిషికి ఏడాదిలో 2,800 డాలర్లు లేదా అంతకు మించి ఇస్తే (ఇది 2025 లెక్క), జీతంలో 7.65 శాతం ఆమె వాటాగా, మరో 7.65 శాతం యజమాని వాటాగా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌లకు కట్టాలి. ఆదాయపు పన్ను రిటర్నుతోపాటు షెడ్యూల్ హెచ్ అనే ఫారం జతచేయాలి. ఆఫీసు ఉద్యోగికి ఇచ్చినట్టే ఆమెకూ డబ్ల్యూ-2 ఇవ్వాలి. క్యాష్ ఇచ్చి తప్పించుకునేవాళ్లు అక్కడా ఉన్నారు. కానీ దొరికితే అది పన్ను ఎగవేత. 1993లో క్లింటన్ అటార్నీ జనరల్ పదవికి ప్రతిపాదించిన జోయీ బెయర్డ్, కాగితాల్లేని వలస దంపతుల్ని ఇంటిపనికి పెట్టుకుని ఈ పన్ను కట్టలేదని బయటపడి తప్పుకోవాల్సి వచ్చింది.

అదేమీ అమెరికా మంచితనం కాదు. 1935లో సోషల్ సెక్యూరిటీ చట్టం చేసినప్పుడు ఇళ్లలో పనిచేసేవాళ్లనీ, పొలాల్లో పనిచేసేవాళ్లనీ బయట పెట్టారు. నల్లజాతి కార్మికుల్లో ఎక్కువమంది చేసేవి ఆ రెండు పనులే. ఈ చట్టం జల్లెడలాంటిది, మావాళ్లలో ఎక్కువమంది దాని కన్నాల్లోంచి జారిపోతారని నల్లజాతి న్యాయవాది చార్ల్స్ హ్యూస్టన్ సెనేట్ కమిటీ ముందే చెప్పాడు. వసూలు చేయడం కష్టం కాబట్టే వదిలేశారని వాదించే చరిత్రకారులూ ఉన్నారు. ఆ మాట మనకు కొత్తదా? "కష్టం" అనే మాట ఎప్పుడూ ఎవరి విషయంలో గుర్తొస్తుందో చూడండి.

ఆ తలుపు ఇంటి పనివాళ్లకు 1951లో తెరుచుకుంది. వెంటనే టెక్సాస్‌లోని మార్షల్ ఊళ్లో గృహిణులు ఎదురు తిరిగారు. మమ్మల్ని ప్రభుత్వానికి పన్ను వసూలుదారులుగా మారుస్తారా అని కోర్టుకెక్కారు. ఓడిపోయారు.

బ్రెజిల్‌లో లాదెలీనా దె కాంపొస్ మెలో అనే నల్లజాతి ఇంటి పనిమనిషి 1936లోనే సాంతోస్ నగరంలో సంఘం పెట్టింది. పోరాటం తరాలపాటు సాగింది. 2013లో రాజ్యాంగాన్ని సవరించుకున్నారు, 2015లో చట్టం తెచ్చుకున్నారు. ఇప్పుడు అక్కడ యజమాని ఆన్‌లైన్‌లో ఒకే బిల్లు కింద పెన్షన్‌కు 8 శాతం, ఆమె పేరున నిధికి 8, పనిలోంచి తీసేస్తే ఇచ్చే పరిహారానికి 3.2, ప్రమాద బీమాకు 0.8, మొత్తం జీతంలో 20 శాతం కట్టాలి. ఇల్లు కంపెనీ కాకుండానే ఇదంతా జరుగుతోంది.

మన దగ్గర లెక్క వేద్దాం. అయిదిళ్లలో పని, ఇంటికి 2,500. పీఎఫ్ రేటు 12 శాతం చొప్పున ఒక్కో ఇంటి వాటా నెలకు 300 రూపాయలు. అయిదిళ్లవీ కలిపితే 1,500. ఇరవై ఏళ్లకు, వడ్డీ కలపకుండానే 3,60,000. ఆమె మోకాళ్లు అరిగిపోయిన రోజున చేతిలో ఉండాల్సిన డబ్బు అది. ఇప్పుడు ఆ రోజున చేతికొచ్చేది ఓ పాత చీర.

"మా ఇంట్లో మనిషిలాంటిది" అంటారు. ఇంట్లో మనిషికి వేరే గ్లాసు ఎందుకు? ఇంట్లో మనిషి నాగా పెడితే జీతం ఎందుకు కోస్తారు? "మరీ ఇన్ని రూల్స్ పెడితే పని మాన్పించేస్తాం" అంటారు. కనీస వేతనం అడిగిన ప్రతి కూలీకీ ఈ దేశంలో భూస్వామి చెప్పిన మాట అదే. "కాగితాలు ఎవరు రాస్తారు" అంటారు. గేటు యాప్‌లో నిమిషాలు లెక్కపెట్టగలిగిన చేతులు నెలకోసారి 300 పంపలేవా?

పాత చీర, మిగిలిన కూర, పండగ మామూలు, అవసరానికి అడ్వాన్స్: ఇవన్నీ దయ. దయకు రసీదు ఉండదు. రసీదు లేని చోట వెట్టి వాసన పోదు. జీతం చీటీ ఇచ్చిన రోజున "మా పనిది" కాస్తా ఉద్యోగి అవుతుంది. వాళ్ల భయమంతా 300 రూపాయల గురించి కాదు, ఆ మార్పు గురించి.

1946లో కనీస వేతనాల బిల్లును ప్రవేశపెట్టింది లేబర్ మెంబర్‌గా ఉన్న బాబాసాహెబే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లో ఇంటిపనిని ఆ చట్టం జాబితాలోకి తెచ్చింది. కానీ ఎవరు ఎవరికి ఎంత ఇస్తున్నారో చూపే కాగితమే లేకపోతే లేబర్ ఆఫీసర్ దేన్ని తనిఖీ చేస్తాడు? ఇంటి పనివాళ్ల హక్కుల మీద ఐఎల్ఓ 2011లో చేసిన 189వ ఒప్పందానికి ఓటేసిన భారత్ ఇప్పటికీ దాన్ని ఆమోదించలేదు. ఇంటి పనివాళ్లకు చట్టం గురించి కమిటీ వేయమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. కమిటీల కోసం కూర్చుంటే మన అమ్మల తరం గడిచిపోతుంది.

అందుకే రెండు రాష్ట్రాల్లోనూ మన డిమాండ్ ఒకటే కావాలి: కార్మికురాలిని కాదు, ముందు యజమానిని నమోదు చేయండి. కరెంటు బిల్లు కట్టినట్టు ఆమె జీతం మీద వాటా కట్టించండి. అయిదిళ్ల వాటాలూ ఆమె పేరున ఒకే ఖాతాలో పడాలి.

ఇది ఎదుటివాళ్ల ఇళ్లకే కాదు. రిజర్వేషన్‌తో ఉద్యోగం తెచ్చుకుని, హాల్లో అంబేద్కర్ ఫోటో పెట్టుకుని, వంటింట్లో మన వాడ ఆడబిడ్డతోనే అంట్లు తోమించుకుంటున్న మన ఇళ్లకూ వర్తిస్తుంది. చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఈ నెల జీతంతోపాటు తారీఖు, మొత్తం, మీ సంతకం ఉన్న చీటీ ఆమె చేతిలో పెట్టండి. విద్యార్థి మిత్రులు తమ బస్తీలో పది మంది అక్కలతో కూర్చుని ఎన్ని ఇళ్లు, ఎన్ని గంటలు, ఎంత జీతం అన్నది నోట్‌బుక్‌లో రాయండి. లేబర్ ఆఫీసుకు పోయే రోజున మన చేతిలో ఉండాల్సిన మొదటి రికార్డు అదే.

జై భీమ్.