పాత జాయింటు పక్కనే కొత్త జాయింటు వద్దు

సూరత్‌లోని తెలుగు వెల్డర్లకు, ఫిట్టర్లకు, డయింగ్ మిల్లుల మెయింటెనెన్సు సిబ్బందికి, సేఠ్‌లకు విన్నపం.

పాండేసరా, సచిన్, పల్సానా, కడోదరా మిల్లుల్లో పనిచేసినవాళ్లకు ఇది తెలియని సంగతి కాదు. స్టీమ్ లైను ఎల్బో దగ్గర కారితే అరచెయ్యంత రేకు వేసి చుట్టూ వెల్డింగ్ కొడతారు. కొన్నాళ్లకు ఆ ప్యాచ్ అంచున మళ్లీ ఆవిరి చిమ్ముతుంది. దాని మీద ఇంకో ప్యాచ్ పడుతుంది. లేదంటే పైపు కోసి, జానెడు కూడా లేని ముక్క అతికి, నాలుగు వేళ్ల దూరంలో రెండు జాయింట్లు పెట్టేస్తారు. సాయంత్రానికి మిల్లు నడుస్తుంది, మాట అక్కడితో సరి. ఈ పద్ధతి ఈ ఏడాదితో ఆగిపోవాలి.

సూరత్ బతుకు పాలిస్టర్ మీద. పాలిస్టర్‌కు రంగు పట్టాలంటే జెట్ మెషిన్‌లో నీళ్లు 130 డిగ్రీల దాకా వేడెక్కాలి. ఒత్తిడి లేకుండా నీళ్లు ఆ వేడిని అందుకోలేవు. అందుకే మన మిల్లుల్లో మనిషి నడిచే ప్రతి దారి పక్కనా ఒత్తిడి ఉన్న పైపో, డ్రమ్మో ఉంటుంది.

కరిగిన లోహం చల్లారుతూ ముడుచుకుంటుంది. చుట్టూ ఉన్న చల్లటి పైపు దాన్ని ముడుచుకోనివ్వదు. ఆ గుంజులాట జాయింటు చల్లబడ్డాక కూడా లోపలే ఉండిపోతుంది. కొన్నిచోట్ల అది ఉక్కు సాగిపోవడం మొదలయ్యే స్థాయికి చేరుతుంది. రెండు జాయింట్లు మరీ దగ్గరైతే మధ్యలోని ఇరుకు ముక్కను రెండు వైపుల నుంచీ లాగుతాయి. పైగా అల్ట్రాసోనిక్ ప్రోబ్ కదిపి పరీక్షించడానికి అక్కడ చోటే మిగలదు.

వెల్డు పక్కన ఉక్కు ఏమవుతుందో రోమియోవిల్ చూపించింది. షికాగో దగ్గరి ఆ ఊళ్లో, యూనియన్ ఆయిల్ రిఫైనరీలో 1974లో ఒక వెసెల్‌కు ఒక వరుస ప్లేటు మార్చారు. వెల్డింగ్ తర్వాత హీట్ ట్రీట్‌మెంట్ చేయలేదు. వెల్డు పక్కన గట్టిపడిన ఉక్కులో, లోపలి హైడ్రోజన్ వల్ల, పగులు పుట్టి పెరిగింది. 1984 జూలై 23న వెసెల్ అక్కడే తెగింది. పై భాగం కిలోమీటరు దూరాన పడింది. 17 మంది చనిపోయారు. అక్కడ తప్పు దూరానిది కాదు, నిజమే. కానీ ఒక్క రిపేరు వెల్డు పక్కనే అంత ప్రమాదం పెరగగలిగినప్పుడు, అలాంటివి రెండు మూడు ఒకేచోట కుక్కి, పరీక్ష కూడా లేకుండా లైను తెరవడం ఏం ధైర్యం?

వాడుకలో ఉన్న వెసెళ్లకు ఏపీఐ 510 అనే తనిఖీ కోడ్ లెక్క చెబుతుంది. పక్కపక్క ప్యాచ్‌ల వెల్డు అంచుల మధ్య కావలసిన దూరానికి లోపలి వ్యాసార్ధాన్ని గోడ మందంతో గుణించి, వర్గమూలం తీసి, నాలుగింతలు చేయాలి. 1200 మి.మీ. వ్యాసం, 6 మి.మీ. గోడ ఉన్న డ్రమ్ముకు అది 240 మి.మీ. ప్యాచ్ మీద ప్యాచ్ అసలు కూడదనీ, మూలలు గుండ్రంగా ఉండాలనీ కూడా అదే చెబుతుంది. పైపుల గుండ్రటి జాయింట్లకు మాత్రం అన్ని కోడ్‌లూ ఒకే అంకె ఇవ్వవు. అంకె లేదు కదా అని దూరమే అక్కర్లేదనుకోకూడదు. మేం అడిగేది ఇది: పైపు బయటి వ్యాసమంత, లేదా 150 మి.మీ., ఏది ఎక్కువైతే అంత. 4 అంగుళాల లైనుకు 150, 8 అంగుళాల లైనుకు 219 మి.మీ. చోటు నిజంగా లేకపోతే ఇంజనీరు కారణం రాసి సంతకం పెట్టాలి, ఆ జాయింట్లకు పూర్తిగా ఎక్స్‌రే తీయించాలి.

పొడవు ముక్క వేస్తే పైపు ఖర్చు, ఆగిన గంటల ఖర్చు పెరుగుతాయని సేఠ్‌లు అంటారు. పెరుగుతాయి. అయితే అదే ఎల్బో ఏడాదిలో ఎన్నిసార్లు కారిందో, ప్రతిసారీ ఎన్ని లాట్లు చెడిపోయాయో కూడా లెక్క కట్టమని అడుగుతున్నాం. ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 3.5 కిలోలు దాటిన స్టీమ్ పైపు బాయిలర్ చట్టం కిందికి వస్తుంది. 1923 నాటి చట్టం స్థానంలో 2025లో కొత్తది వచ్చినా, అనుమతి లేకుండా ఆ పైపును మార్చే హక్కు ఎవరికీ రాలేదు.

హజీరా ప్లాంట్ల షట్‌డౌన్లకు ఉద్దానం నుంచి వచ్చే తమ్ముళ్లకు వెల్డ్ మ్యాప్ అంటే ఏమిటో తెలుసు. అక్కడ ప్రతి జాయింటుకూ నంబరు ఉంటుంది, వేసినవాడి గుర్తు ఉంటుంది. అదే వెల్డరు డయింగ్ మిల్లులో అడుగుపెడితే చేతికి కాగితమే రాదు. రేపు ఏదైనా జరిగితే మాత్రం నింద అతని మీదకే వస్తుంది. అందుకే, పాత జాయింటు నుంచి కొత్త జాయింటుకు దూరం రాసి ఉన్న కాగితం లేకుండా టార్చ్ పట్టొద్దు. ఠేకేదారు తొందరపెట్టినా సరే, వెనక్కి తగ్గొద్దు. అలా ఆగిన వెల్డరు కూలి కోయబోమని మిల్లు ముందే రాసివ్వాలి.

దీపావళికి మిల్లులు ఎలాగూ మూతపడతాయి. ఆ రోజుల్లో ఇన్సులేషన్ విప్పి, ప్రతి జాయింటునూ ప్యాచ్‌నూ కొలిచి, నంబరు వేసి, గీసి పెట్టండి. మొదట బాయిలర్ హెడర్, తర్వాత జెట్ మెషిన్లకు వెళ్లే లైన్లు, ఆపైన మిగిలినవి. ప్యాచ్ మీద ప్యాచ్ కనిపించిన చోటల్లా ఆ ముక్క కోసి తీసేసి, కొత్త పైపు వేశాకే లైనులోకి ఆవిరి వదలండి.