చిన్న హెలికాప్టరు - పెద్ద జాగ్రత్త



మామిడికాయలు కోతకు వచ్చు దినములలో నూజివీటి తోటలమీద హెలికాప్టరు చప్పుడు వినబడెనా, పిల్లలు చేతిలోని రసమును విడిచి వీధిలోనికి పరుగెత్తుదురు. పెద్దలమైన మనమును తలయెత్తి చూడక మానము. ఆ వాహనమునందలి వింతతోపాటు దాని అపాయమును గూడ తెలిసికొనుట మంచిది.

మనకు ఆగ్నేయముగా, కొల్లేటి దరినున్న కైకలూరు ప్రాంతమున 2002 మార్చి 3వ తేదీన జరిగిన దుర్ఘటనను ఈ సీమవారు మరువజాలరు. లోక్‌సభ స్పీకరు జి. ఎం. సి. బాలయోగిగారు భీమవరమునుండి బెల్ 206 అను చిన్న హెలికాప్టరులో బయలుదేరిరి. అది కొవ్వాడలంకయొద్ద చేపలచెరువులో కూలి, ఆయనయు, అంగరక్షకుడును, చోదకుడును మరణించిరి. ఆనాడు దారి సరిగా కానరాని వాతావరణముండెను. 2009 సెప్టెంబరు 2వ తేదీన ముఖ్యమంత్రి వై. యస్. రాజశేఖరరెడ్డిగారు చిత్తూరు జిల్లాకు పోవుచు, మరి నలుగురితో నల్లమల యడవిలో గతించిరి. వారి బెల్ 430 రెండు ఇంజనులు గల పెద్ద వాహనము. అయినను దుర్వాతావరణమునకు చిన్న పెద్ద భేదము లేదు.

విమానము ఇంజను ఆగినను రెక్కల బలమున కొంతదూరము తేలిపోగలదు. హెలికాప్టరునకు పైన తిరుగు రెక్కలే ప్రాణము. ఇంజను ఆగినపుడు చోదకుడు వెంటనే ఆ రెక్కల వాలును తగ్గించినచో, క్రిందినుండి వచ్చు గాలియే వానిని త్రిప్పును. ఆ బలముతో మెల్లగా దిగవచ్చును. రాబిన్‌సన్ ఆర్ 22 వంటి ఇద్దరు కూర్చుండు వాహనములలో రెక్కలు మిక్కిలి తేలిక. కావున ఈ పని ఒకటి రెండు సెకనులలో జరుగవలెను. తగినంత ఎత్తో, వేగమో లేనిచో ఈ ఉపాయమును సాగదు. అందుచేతనే 1995లో అమెరికా ప్రభుత్వము ఆర్ 22, ఆర్ 44 నడుపువారికి ప్రత్యేక శిక్షణమును నిర్బంధము గావించెను.

యంత్రము చక్కగా నున్నను మబ్బు శత్రువే. మబ్బులో జొరబడినవానికి నేలయు నింగియు తెలియవు; వాహనము ఒరుగుచున్నను తిన్నగా పోవుచున్నట్లే తోచును. క్రిందుగా పోయినచో కరెంటు తీగలు కానరావు. అట్టివేళ వెనుకకు మరలుటయో, ఖాళీ చేనులో దిగుటయో బుద్ధిమంతుల పని. దానిని పిరికితన మనరాదు.

ఇందు మన గృహిణుల వంతు గలదు. పెండ్లికో, సభకో వచ్చువారు ఆలస్యమైనచో "ముహూర్తము మించుచున్నది, త్వరగా రండి" యని మాటిమాటికి ఫోను చేయుట తగదు. "వాన వెలిసినపిమ్మటనే బయలుదేరుడు, మేము వేచియుందుము" అని చెప్పుడు. ఆ యొక్కమాట బయలుదేరువారి తొందరను మాన్పును.

మన యూరిలో హెలికాప్టరు దిగునపుడు పిల్లల చేయి విడువకుడు. తోక చివర తిరుగు చిన్న రెక్క వేగముచే కంటి కగపడదు. అటువైపు ఎన్నడును పోరాదు. చోదకుడు సైగచేసినపిమ్మట ముందువైపునుండియే, తలవంచి, పైట బిగించి పోవలెను. గొడుగు విప్పరాదు. దగ్గర మామిడితాండ్ర ఎండబెట్టిన చాపలున్నచో ముందే తీయుడు; ఆ గాలికి చాపలు లేచి రెక్కలలో పడిన ప్రమాదము. తాండ్ర మరల పోసికొనవచ్చును. పోయిన ప్రాణము తిరిగిరాదు గదా!