నాణెముల సేకరణము: బడిచదువా, స్వయంకృషియా?

పాత నాణెములను కూర్చుకొను నలవాటు మన విద్యార్థులలో పలువురకు గలదు. అగ్గిపెట్టెలలోను, ఖాళీసీసాలలోను అవి చేరుచున్నవి. ఈ పనినిగూర్చి తల్లిదండ్రులలో రెండు తెగలు గలవు. పరీక్షలో నొక్క మార్కైన తేనిదానికి కాలమేల వ్యయపఱచవలెనని మొదటి తెగవారడుగుచున్నారు. కోరి నేర్చినదే నిలుచును గావున పిల్లవానిని వాని త్రోవను పోనిండని రెండవ తెగవారు చెప్పుచున్నారు. ఉభయుల మాటలును వినదగినవే యైనను, ఇరువురును ఒక ముఖ్యవిషయమును విడిచినారని మాకు తోచుచున్నది. నేర్చుట బడిలోపలనా, వెలుపలనా యనుటకంటె, నేర్చినదానిలోని తప్పును దిద్దువారు కలరా, లేరా యనుటయే మిక్కిలి విచారింపదగిన ప్రశ్న.

రెండవ పక్షమువారి వాదమును ముందుగా విందము. మన దేశమున నాణెశాస్త్రము పెరిగిన తీరు వారికి చక్కని సాక్ష్యము. 1910వ సంవత్సరమున అలహాబాదునందు భారత నాణెశాస్త్ర సంఘమును నెలకొల్పినవారెవ్వరును నాణెశాస్త్రపు ఆచార్యులు కారు. వారిలో ప్రభుత్వోద్యోగులుండిరి; అహమ్మదాబాదున పనిచేసిన మిషనరీ జి. పి. టేలరుగారుండిరి; బొంబాయి పారసీకులగు ఫ్రాంజీ తానావాలాగారుండిరి. 1845లో అమరావతి స్తూపమును త్రవ్వించిన వాల్టరు ఎలియట్టుగారు చెన్నపురి రాజధానిలో సివిలు ఉద్యోగి. దక్షిణదేశపు నాణెములపై ఆయన రచించిన గ్రంథము, ఆయన 1887లో మరణించుటకు కొలదికాలము ముందు వెలువడెను. వీరందఱును తమ యుద్యోగముల నడుమ దొరికిన తీరికలో ఈ విద్యను గడించినవారే. కావున పట్టము పొందినవారికిగాని ఇందు చోటులేదనుట చరిత్రకు విరుద్ధము.

అయితే వీరిలో ఒక్కరును ఒంటరిగా కూర్చుండి నేర్చినవారు కారు. ప్రాచీనలిపుల గుట్టు విడిన కథను చూడుడు. ఛార్లెస్ మాసన్ అను మాఱుపేరుగల యొక సైనికుడు 1827లో కంపెనీ సేననుండి పారిపోయి, తరువాత ఆఫ్గనిస్థానమున బేగ్రాము బయళ్లలో వేలకొలది నాణెములను ప్రోగుచేసెను. వానిలో కొన్నింటికి ఒక ప్రక్క గ్రీకు అక్షరములును, రెండవ ప్రక్క నాటికెవ్వరును చదువలేని ఖరోష్ఠీ అక్షరములును ఉండెను. రెండు ప్రక్కలను ఉన్నది ఒకే రాజు పేరని అతడు గ్రహించి, ఆ సంగతిని జేమ్సు ప్రిన్సెపుగారికి తెలియజేసెను. ప్రిన్సెపుగారు టంకశాలలో లోహపరీక్ష చేయు అధికారి. ఆయన ఆ సూచన ననుసరించి ఖరోష్ఠీ అక్షరములను ఒక్కొక్కటిగా గుర్తింపసాగెను.

బ్రాహ్మీలిపి సంగతియు నిట్టిదే. 1836లో జర్మనీదేశపు సంస్కృతపండితుడు లాసెనుగారు అగాథోక్లీసు అను గ్రీకురాజు నాణెముపైనున్న బ్రాహ్మీ అక్షరములను చదివెను. మఱుసటి యేట ప్రిన్సెపుగారు, సాంచీ స్తూపపు చిన్నశాసనముల తుదిని పలుమాఱు వచ్చు అక్షరములు ‘దానం’ అను మాటయని కనిపెట్టి, మన పండితుల సహాయముతో లిపినంతను సాధించెను. ఒకడు పారిపోయిన సైనికుడు, ఒకరు టంకశాల ఉద్యోగి, ఒకరు విద్యాపీఠమున సంస్కృతమును సాంగముగా అభ్యసించినవారు. ఒకరికి లేనిది వేఱొకరు నింపిరి. ఒకరి యూహను వేఱొకరు పరీక్షించిరి. కర్నూలు మండలమందలి ఎఱ్ఱగుడి అశోకశాసనములను నేడు మనము చదువగల్గుట వీరందఱి ఫలము.

మన తెలుగునాటను ఇట్టి దృష్టాంతము గలదు. గోదావరీతీరమున, నేటి జగిత్యాల జిల్లాలో, కోటిలింగాల యను గ్రామము కలదు. అచ్చటి నేలపై దొరకు నాణెములను ఆ ప్రాంతమువారైన సంగనభట్ల నరహరిశర్మగారు ఓపికతో సేకరించిరి. శాసనలిపులయందు ఆఱితేఱిన పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు వానిని చదివి లోకమునకు వెల్లడించిరి. శాతవాహన వంశమునకు మూలపురుషుడగు సిముకుని నాణెములును, గోబద, నారన, కంవాయ, సమగోప యను రాజుల నాణెములును అట్లు వెలుగులోనికి వచ్చినవి. సేకరించు కన్ను లేకున్న అవి మట్టిలో మట్టియై యుండును. చదువు విద్య లేకున్న ఉత్త రాగిబిళ్లలై యుండును.

దిద్దువారు లేని స్వయంకృషి యెట్లు చెడునో కూడ చెప్పవలసియున్నది. మన పిల్లలు రాగినాణెము దొరికినతోడనే చింతపండుతో తోమి తళతళలాడింతురు. ఆ తోముటతో ఏండ్లకొలది ఏర్పడిన పైపొర పోవును. అరిగిన అక్షరములు మఱింత అరుగును. తెలిసినవారెవ్వరును అట్టి నాణెమును మెచ్చరు. ఇంతకంటె పెద్ద నష్టము వేఱొకటి గలదు. ఒకవైపున సీతారామలక్ష్మణుల బొమ్మలును, వేఱొకవైపున ఈస్టిండియా కంపెనీ పేరును, 1818 అను సంవత్సరమును గల బిళ్లలను అపూర్వములని చెప్పి అమ్మువారు గలరు. కొందఱు వానికై వేలరూపాయలు పోగొట్టుకొనిరి. కంపెనీ అట్టి నాణెమును ఎన్నడును ముద్రింపలేదు. కంపెనీ పాలిత దేశమంతటికి ఒకే తీరు నాణెములు 1835లోగాని రాలేదని చరిత్రపాఠమున చదివినవాడు, ఆ బిళ్లపై తేదీని చూచినతోడనే సందేహించును. పరీక్షకే పనికివచ్చునని తలంచిన పాఠము ఇక్కడ జేబును కాపాడుచున్నది.

నేలలో దొరికిన నిధి విషయమున తెలియమి మఱింత హానికరము. 1878 నాటి నిధినిక్షేపముల చట్టము ప్రకారము, పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికినవారు కలెక్టరుగారికి వ్రాతమూలకముగా తెలియజేయవలెను. ఇది కేవలము దండనభయముచే పాటింపవలసినది కాదు. 1906లో నాసిక మండలమున జోగల్‌తెంబి యనుచోట పదమూడువేలకు పైబడిన వెండినాణెములు ఒక్కచోట దొరికెను. అవి యన్నియు నహపానుడను క్షత్రపరాజువి. ఎచ్.ఆర్. స్కాటుగారు వానిని పరీక్షించి చూడగా, తొమ్మిదివేలకు పైగా నాణెములపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మరల వేయించినట్లు తేలెను. ఓడినరాజు సొమ్ముపై గెలిచినరాజు తన గుర్తును కొట్టించెనన్నమాట. నిధి చెదరక యుండుటచేతనే ఈ లెక్క సాధ్యమయ్యెను. అవి కంసాలి మూసలో కరగియున్నను, పదుగురు పంచుకొనియున్నను, ఆ సాక్ష్యమంతయు నశించియుండును.

ఇక బడిచదువులోని లోపమునుగూర్చియు నిష్పక్షపాతముగా చెప్పుదము. శాతవాహనుల పేర్లను వరుసగా అప్పగించు విద్యార్థి, తన జేబులోని రూపాయిని ఎన్నడైన పరిశీలించెనా? తేదీక్రింద వజ్రాకారపు గుర్తున్న ముంబయి టంకశాలదనియు, చుక్కగుర్తున్న హైదరాబాదుదనియు, చిన్న బిందువున్న నోయిడాదనియు, ఏ గుర్తును లేకున్న కలకత్తాదనియు ఎందఱికి తెలియును? ఐదవ జార్జి కాలపు నికెలు అణాబిళ్లపై తెలుగులిపిలో విలువ వ్రాసియుండుట ఎందఱు చూచిరి? రూపాయికి పదునాఱణాలు, అణాకు నాలుగు పైసలు; ఆ లెక్క పోయి 1957 ఏప్రిలు 1వ తేదీన నూఱు నయాపైసల లెక్క వచ్చెను. అణా కెన్ని నయాపైసలని అవ్వ పెట్టెలోని బిళ్లను చేతబట్టుకొని గుణించిన బాలిక, భిన్నములను ఇక మఱువదు. చేతికందిన వస్తువును చూపక చెప్పు చదువు నోటికే పరిమితమగును.

అట్లని నాణెములనొక పాఠ్యాంశముగ చేసి మార్కులు పెట్టుడని మేము కోరము. మార్కులు వచ్చిన మఱునాడే అందలి సంతోషము పోవును. మేము కోరునది స్వల్పము. వారమునకొక గంట, చరిత్రోపాధ్యాయుల సమక్షమున, విద్యార్థులు తమ నాణెములను తెచ్చి, తాము తెలిసికొన్నదానిని చెప్పి, తప్పులను దిద్దించుకొనవలెను. ప్రతి నాణెమునకు ఒక చీటి యుండవలెను: ఎక్కడ దొరికెను, ఎవరిచ్చిరి, తూకమెంత, అక్షరములేవి. తెలియని చోట ఖాళీ విడువవలెనేగాని ఊహను నిశ్చయముగ వ్రాయరాదు. ఏటికొకమాఱు హైదరాబాదునందలి రాష్ట్ర పురావస్తుశాలకుగాని, చెన్నపురి ఎగ్మూరునందలి మ్యూజియమునకుగాని వారిని తీసికొనిపోయిన, తమ చీటీలను పండితుల చీటీలతో పోల్చుకొందురు.

తల్లిదండ్రులకు మా మనవి: పిల్లవాని పెట్టెను పాఱవేయకుడు, దానికై విరివిగ ధనమును ఇయ్యకుడు. పెట్టెలోని వస్తువులను గూర్చి వారమునకొక ప్రశ్న అడుగుడు, చాలును. విద్యార్థులారా, మీ యంతట మీరు నేర్చినదానిని చూచి గర్వింపుడు. కాని దానిని మీకంటె తెలిసినవారియెదుట పెట్టుటకు సిగ్గుపడకుడు. వేలకొలది నాణెములను ప్రోగుచేసిన మాసను, తన యూహను ప్రిన్సెపుగారికి తెలుపుటకు సంకోచింపలేదు గదా.