కాలణాను తూకానికి వెయ్యకండి



మన ఇళ్లలో పాత పెట్టె దులిపితే నాలుగు కాలణాలు రాలుతాయి. ఆంధ్రాలో కాణీ అంటారు. వాటిని ఒకరు పాత సామాన్ల అంగట్లో తూకానికి వేస్తున్నారు. ఇంకొకరు వాట్సాప్ చూసి లక్షలు వస్తాయని కాచుకొని ఉన్నారు. రెండూ వద్దంటాను.

లక్షల మాట ముందు చెప్తాను. ఈ కాసులు కోట్లలో అచ్చయినవి. అరిగిన కాలణాకు పెద్ద ధర రాదు. "కొంటాం, ముందు కమిషన్ కట్టండి" అని ఫోను వస్తే అది మోసమే. రిజర్వు బ్యాంకు తన పేరు వాడుకొని ఇలా వసూలు చేసేవాళ్ల గురించి 2021లోనే హెచ్చరించింది.

మరి ఎందుకు దాచాలి? చదవడానికి. 1906లో కాలణా రాగి నుంచి కంచుకు మారింది. రాగి కాలణా దాదాపు ఆరున్నర గ్రాములు, కంచుది ఐదు గ్రాములకు కొంచెం తక్కువ. నగల తక్కెడలో పెడితే తేడా తెలుస్తుంది. కిరీటం లేని తల ఎడ్వర్డుది, అయిదో జార్జి తలకు కిరీటం ఉంటుంది. 1943 నుంచి వచ్చిన చిల్లుకాణీకి ఆ చిల్లు యుద్ధకాలంలో లోహం మిగిల్చేదానికి పెట్టింది.

కంచు కాలణా మీద అంతా ఇంగ్లీషే. 1907లో వచ్చిన నికెల్ అణా మీద మాత్రం మన తెలుగు అక్షరాలున్నాయి, తమిళం లేదు. అంతకన్నా గొప్ప సంగతి మన పక్కనే ఉంది. మానామదురై, కారైక్కుడి మీదుగా రైలెక్కితే పుదుక్కోట్టై. ఆ సంస్థానం అమ్మన్ కాసుకు ఒక పక్క బృహదంబ అమ్మవారు, ఇంకో పక్క తెలుగులో "విజయ". తొండైమాన్ రాజులు తెలుగువాళ్లు కారు. కాసు అచ్చయింది ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్‌లో. అయినా అక్షరాలు మనవి!

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు మాకు ఇంట్లో మాట, బళ్లో అక్షరం కాదు. మన పిల్లలకు ఇప్పుడు ఆ మాట కూడా సన్నబడుతోంది. "తెలుగు ఈ ఊళ్లో ఎందుకు?" అని అడిగే మనవడికి ఉపన్యాసం వద్దు. ఆ కాసు చేతిలో పెట్టి "చదువు" అనండి. మూడే అక్షరాలు.

అందుకని నా మనవి. కాసులను చింతపండుతో తోమకండి, పాతదనం పోతుంది. ఒక్కొక్కటి కాగితం పొట్లంలో పెట్టి, ఏ ఇంటిది, ఎవరు దాచారు అని రాయండి. ఈ నవరాత్రి కొలువుకు సంఘం హాల్లో ఒక మెట్టు వీటికే ఇద్దాం. పెద్దలు కథ చెప్పాలి, పిల్లలు అక్షరం చదవాలి. తూకానికి వేస్తే వచ్చేది ఒక కాఫీ డబ్బు. పోయేది తిరిగి కొనలేం.