కార్తీక వనభోజనాలు కర్కాభాట్‌లో పెట్టుకుంటే?

భిలాయి వైశాలి నగర్‌లో ఆదివారం షికారంటే మైత్రీబాగ్, కాదంటే బాలోద్ దగ్గరి తాందుల జలాశయం. అదే బాలోద్ జిల్లాలోని కర్కాభాట్‌ను తలుచుకునేవారు తక్కువ. అక్కడ ఇనుప యుగపు సమాధులు, నిలువురాళ్లు ఉన్నాయి.

తవ్వకాల్లో ఇనుప పనిముట్లూ బయటపడ్డాయి. భిలాయి కొలిమికి ఖనిజం పంపే దల్లీ రాజహరా గనులూ ఈ జిల్లావే. ఉక్కుతో బతికే ఊరికి ఇంతకన్నా దగ్గరి చరిత్ర ఏముంటుంది?

తెలంగాణలో కృష్ణా తీరాన ఉన్న ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. వాటిలో ఒకదాన్ని ఊరివాళ్లు ఎల్లమ్మగా కొలుస్తారు. పరిశోధకుల పట్టుదలకు ఊరి భక్తి తోడైంది.

కర్కాభాట్‌కూ అలాంటి ఆదరణ కావాలి. భిలాయి తెలుగు సంఘాలు ఈ కార్తీకంలో అటు బస్సు కట్టాలి, పిల్లలతోపాటు చరిత్ర మాస్టారినీ ఎక్కించుకోవాలి. రాళ్లెక్కి ఫొటోలు దిగడం మాత్రం వద్దు.