చేతి గడియారము: లోతు అంకెను గాక మన్నికను చూడవలెను

ఉద్యోగమునకు కుదిరిన కుమారునకో, పట్టపరీక్షయందు ఉత్తీర్ణురాలైన కుమార్తెకో, పెండ్లిపీటలపై కూర్చుండబోవు అల్లునకో ఒక మంచి చేతి గడియారమును కొనియిచ్చుట మన కుటుంబములలో చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. సెల్ ఫోను ప్రతివారి చేతిలోనికి వచ్చిన పిమ్మట కూడ ఈ ఆచారము పోలేదు. పోకపోగా, బజారులో గడియారముల రకములు పెరిగి, ఏది కొనవలెనో తోచని స్థితి యేర్పడినది. ఇటీవల మన యువకులు పలువురు ‘డైవర్స్ వాచీ’ కావలెనని కోరుచున్నారు. సముద్రములో మునుగువారికై నిర్మింపబడిన గడియారము బల్లయొద్ద కూర్చుండి లెక్కలు వ్రాయువానికేల యని పెద్దలు అడుగుచున్నారు. దానిపై 200 మీటర్లని వ్రాసియున్నది గదా, ఇక దానికి చావులేదని పిన్నలు బదులు చెప్పుచున్నారు.

ఈ వాదమున ఇరుపక్షములయందును కొంత న్యాయమును, కొంత పొరపాటును కలవని మా అభిప్రాయము. నిత్యము ధరించుటకు ఇట్టి గడియారము మంచిదే. కాని దాని నెన్నుకొనవలసినది డయలుపై అచ్చువేసిన లోతును చూచి కాదు. మూత, వాషరు, అద్దము, పట్టీ, మరమ్మతు సౌకర్యము - ఈ అయిదింటిని చూచి యెన్నుకొనవలెను.

ఈ గడియారము పుట్టిన విధమును తెలిసికొన్నచో దీని గుణము తెలియును. 1926లో రోలెక్సు కంపెనీవారు వెనుక మూతయు, కీ త్రిప్పు బొడిపెయు మరచుట్టుతో బిగియునట్టి ‘ఆయిస్టర్’ గడియారమును వెలువరించిరి. మరుసటి సంవత్సరము అక్టోబరులో మెర్సిడిస్ గ్లైట్జ్ అను ఆంగ్లేయ వనిత దానిని ధరించి ఇంగ్లీషు ఛానలును ఈదబూనినది. పది గంటలకు పైగా చలినీటిలో నుండియు ఆమె ఆవలి యొడ్డు చేరజాలలేదు. గడియారము మాత్రము నిలువలేదు. 1953లో బ్లాంక్‌పాన్ కంపెనీవారు ఫ్రెంచి నౌకాదళమున మునుగువారి యవసరములకు తగినట్లుగా ‘ఫిఫ్టీ ఫాదమ్స్’ అను గడియారమును తయారుచేసిరి. ఫాదమ్ అనగా మన తీరమున జాలరులు చెప్పు బార వంటిదే. ఏబది బారలనగా రమారమి 91 మీటర్లు. 1965లో జపాను దేశపు సీకో కంపెనీవారు 150 మీటర్ల గడియారముతో ఈ రంగమున ప్రవేశించిరి. నీటి క్రింద గాలి యెంతసేపటికి సరిపోవునో లెక్కించుకొనుటకు ఇవి ప్రాణాధారములు. ఇవి విలాసమునకు గాక పనికై పుట్టిన వస్తువులు.

ఇక లోతు అంకెల మాట. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతునకును సుమారు ఒక వాతావరణపు ఒత్తిడి అదనముగా చేరును. 30 మీటర్లని వ్రాసిన గడియారమును ధరించి 30 మీటర్లు మునుగవచ్చునని పలువురు భ్రమపడుచున్నారు. ఆ యంకె క్రొత్త గడియారమునకు పరీక్షాలయమున పెట్టిన ఒత్తిడిని తెలుపునదే గాని, సబ్బు నురుగును, వేడినీటిని, చెమటను, ఏండ్ల తరబడి వాడుకను లెక్కించి చెప్పినది గాదు. 30 మీటర్లది వానజల్లునకును, చేతులు కడుగుకొనుటకును చాలును. 50 మీటర్లదానికి అంతకంటె కొంత ఓర్పు కలదు. నిశ్చింతగా ఈదుటకు 100 మీటర్లది కావలెను. ఈ మాటలను అంగడివాడు చెప్పడు. మనమే తెలిసికొని వెళ్లవలెను.

‘వాటర్ రెసిస్టెంట్’ అను మాటకును, ‘డైవర్స్’ అను మాటకును గల భేదమును గూడ గుర్తింపవలెను. మొదటిది అంతర్జాతీయ ప్రమాణము 22810 క్రిందిది. అందు తయారైన వానిలో కొన్నింటిని మాత్రమే యెత్తి పరీక్షించిన చాలును. రెండవది 6425వ ప్రమాణము క్రిందిది. ఇది మొదట 1982లో వెలువడి, 2018లో సవరింపబడినది. దీని ననుసరించి లోతు 100 మీటర్లకు తగ్గరాదు. ప్రతి గడియారమును విడివిడిగా, చెప్పిన లోతునకు నాల్గవవంతు అధికమైన ఒత్తిడిలో పరీక్షింపవలెను. చీకటిలో 25 సెంటీమీటర్ల దూరమునుండి కాలము కనబడవలెను. దెబ్బకును, అయస్కాంతమునకును, ఉప్పునీటికిని తట్టుకొనవలెను. రూపమున డైవర్స్ వాచీవలె నుండి, ఈ పరీక్షల కెన్నడును నిలువని గడియారములు బజారులో కొల్లలుగా నున్నవి. వేషమునకును, విద్యకును తేడా గలదు గదా!

మా కార్యాలయమున నొకరికి జరిగిన సంగతిని ఇచట చెప్పుట యుక్తము. కుమారుడు తొలి జీతముతో కొనియిచ్చిన 50 మీటర్ల గడియారమును వారు ముచ్చటతో ధరించుచుండిరి. రెండేండ్లకు సెల్లు అయిపోగా, దారిప్రక్కనున్న యొక దుకాణములో మార్పించిరి. దుకాణదారుడు పాత వాషరునే తిరిగి పెట్టి మూత నొక్కివేసెను. నెలదినముల పిమ్మట తీర్థస్నానమునకు వెళ్లిరాగా అద్దము లోపల ఆవిరి పట్టినది. వారములో ముండ్లు నిలిచిపోయినవి. నీరు చేరినదానికి గ్యారంటీ వర్తింపదని కంపెనీవారు చేతులు కడిగికొనిరి. గడియారము పోయినందుకు కాదు, కుమారుని తొలి జీతపు వస్తువు పోయెనని ఆ తండ్రి నేటికిని చింతించుచున్నారు. ఆ చింతకు కారణము కొలది రూపాయల రబ్బరు వాషరు.

కావున కొనువారు చూడవలసిన అంశములను క్రమముగా చెప్పుచున్నాము. మొదటిది మూతయు, బొడిపెయు. నొక్కి మూయునది గాక మరచుట్టుతో బిగియునది మేలు. బొడిపెను విప్పిన పిమ్మట మరల బిగించుట మరువరాదు. బిగింపని బొడిపె తెరచిన తలుపుతో సమానము. రెండవది వాషరు. రబ్బరునకు వయస్సు కలదు. వేడిమివలనను, సబ్బువలనను అది గట్టిపడును. సెల్లు మార్చినప్పుడెల్ల, లేకున్నచో రెండు మూడేండ్ల కొకసారియైనను, వాషరును మార్పించి, ఒత్తిడి యంత్రముపై పరీక్షింపజేయవలెను. 200 మీటర్ల గడియారమైనను వేడినీటి స్నానమునకు దూరముగా నుంచుటయే మంచిది.

మూడవది అద్దము. మన వీధిదుమ్ములో ఇసుక కలదు. ఆ యిసుక మామూలు అద్దమును గీచును. నీలమణి జాతికి చెందిన సఫైర్ అద్దమును ఇసుక గీయజాలదు. కాని గట్టి దెబ్బ తగిలిన నది పగులవచ్చును. గుమాస్తాలకును, ఉపాధ్యాయులకును సఫైర్ తగినది. కర్మాగారమున సుత్తెలనడుమ పనిచేయువారికి మందమైన మినరల్ అద్దమే చాలును. నాల్గవది పట్టీ. తోలుపట్టీ చెమటకు కుళ్లును. రబ్బరు, నైలాను, ఉక్కు మేలైనవి. పట్టీ వెడల్పు 20 మిల్లీమీటర్లో, 22 మిల్లీమీటర్లో యున్నచో ఏ యూరనైనను మరియొకటి దొరకును. కంపెనీవారి ప్రత్యేకపు టాకారపు పట్టీగలది వలదు. ఉక్కు తగిలి చర్మమున దద్దురు లేచువారు టైటేనియముతో చేసినదాని నెన్నుకొనవచ్చును.

అయిదవది, మా దృష్టిలో అన్నింటికంటె ముఖ్యమైనది, మరమ్మతు. సెల్లుతో నడచునది నెలకు పదునైదు సెకండ్లకు మించి తప్పదు. వెలుతురుతో నిండు సెల్లు గలదానికి మూత విప్పు పనియే అరుదు. చేతి కదలికవలన తిరుగు ఆటోమేటిక్ దినమునకు కొన్ని సెకండ్లు ముందువెనుక లగును. అయినను దానిని విప్పి, శుభ్రపరచి, తరములు నడుపవచ్చును. ఏది కొనినను, మీ యూరనో, దగ్గరి పట్టణముననో దానిని విప్పగల మనిషి యున్నాడా యని కొనుటకు ముందే విచారింపుడు. హీలియము బయటకు పోవు కవాటము వంటివి లోతున దినములతరబడి నివసించి పనిచేయువారికే గాని మనకు కాదు. వాటికి సొమ్ము చెల్లింపవలదు.

గడియారములతో మనవారికి గల సంబంధము కొనుగోలుతో ముగియునది గాదు. 1961లో జపాను దేశపు సిటిజన్ కంపెనీ సహాయముతో బెంగుళూరున హెచ్.ఎం.టి. గడియారముల కర్మాగారము వెలసినది. ‘జనతా’, ‘పైలట్’ గడియారములు దేశమంతట చేతులపై వెలసినవి. 2016లో ఆ గడియారముల శాఖను మూసివేయుటకు కేంద్ర మంత్రివర్గము అనుమతించెను. 1984లో టాటావారును, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థయు కలసి నెలకొల్పిన టైటాన్ సంస్థ కర్మాగారము, తెలుగువారు తరతరములుగా నివసించుచున్న హోసూరునందే కలదు. తాతలనాటి హెచ్.ఎం.టి. ఇంటనున్నచో దానిని పారవేయక నడిపించుకొనుడు. కాని దానిని నీటికి దూరముగా నుంచుడు. అంతకంటె పాతవి, విదేశములనుండి వచ్చినవి, డయలుపై రేడియము పూతగలవి యున్నచో ఇంట వాటిని విప్పరాదు. వెలుగు ఆరిపోయినను రేడియము కిరణములు పోవు. నేటి పూతలలో అట్టి ప్రమాదము లేదు.

నీటమునుగని వానికి ఇది యేల యను పెద్దల ప్రశ్నకు మా సమాధానమిది. మనము మునుగకపోవచ్చును, తడియక తప్పదు. బావియొద్ద, వంటయింట, వానలో, గోపాలపురము ఇసుకలో, యానాము పడవపై, చెమటలో గడియారము తడియుచునే యుండును. త్రిప్పెడి అంచుచక్రము గూడ నిత్యజీవనమున నుపకరించును. దాని గుర్తును నిమిషపు ముల్లునకు ఎదురుగా నుంచినచో, కుక్కరు పెట్టి యెంతసేపైనది, పరీక్షలో ఎంతకాలము గడచినది ఒక్క చూపున తెలియును. అది ఒకవైపునకే తిరుగును. పొరపాటున కదలినను, గడచిన కాలమును ఎక్కువగా చూపునే గాని తక్కువగా చూపదు. మోసపోయినను క్షేమము వైపునకే మోసపోవునట్లు చేసిన ఈ యేర్పాటు మెచ్చదగినది.

ఇది బరువను మాట నిజమే. ఉక్కు పట్టీతో 150 గ్రాములు దాటు గడియారములు కలవు. అవి చొక్కా చేతిలో నిముడవు. కావున మణికట్టునకు మించినదానిని కొనరాదు. సన్నని చేతులవారికిని, స్త్రీలకును 36 నుండి 38 మిల్లీమీటర్ల పెట్టెగలది చాలును. పేరుకై వాయిదాల పద్ధతిపై అప్పుచేసి కొనుటను మేము హర్షింపము. తక్కువ వెలకు పెద్ద పేరు దొరికినచో అది నకిలీ యని తలంపవలెను.

గడియారమును కొనియిచ్చు తండ్రులకును, తల్లులకును తుదకొక మనవి. పెట్టెతోబాటు రసీదును, మరమ్మతు జరిగిన తేదీలు వ్రాసికొనుటకొక చిన్న పుస్తకమును గూడ ఇండు. 200 మీటర్ల అంకె వస్తువును కాపాడదు. రెండేండ్లకొకసారి మార్చిన వాషరు కాపాడును. ఆ మాత్రపు శ్రద్ధ చూపినచో, నేడు కుమారుని చేతికి కట్టిన గడియారము రేపు మనుమని చేతిపైనను నడచును.